బంగళా ముందు గరిక

ఈ మధ్య మా వీధిలో ఇల్లు కట్టుకున్న ఒక ఇంజినీరు కుర్రాడు సాయంత్రంపూట నన్ను పిలిచి, గేటు లోపల చదును చేయించిన జాగా చూపించాడు. "ఇక్కడ లాన్ వేస్తున్నాను అంకుల్. యూరియా వేయను, మందులు కొట్టను, నీళ్ళు కూడా తక్కువే. అంతా సహజ పద్ధతి" అన్నాడు. నేను నవ్వాను. మామూలుగా కాదు, గేటు పట్టుకుని మరీ నవ్వాను. పాపం, నొచ్చుకున్నాడు. నిన్ను చూసి కాదురా అబ్బాయ్, నన్ను నేను తలుచుకుని నవ్వానని చెబుదామనుకునేలోపు లోపలికి వెళ్ళిపోయాడు. అందుకని ఇది రాస్తున్నాను. అతనూ, అతని ఈడు పిల్లలూ చదివి నా మీద కోపం తగ్గించుకుంటే చాలు.

నేను కాలువల మీద సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. నౌకరీ అంతా పల్నాడులోనే. తూములు కట్టించాను, గండ్లు పూడ్పించాను, అర్థం కాని మీటింగుల్లో అర్థమైనట్టు తలూపాను. అవేవీ నాకు కలలోకి రావు. వచ్చేదల్లా గురజాల దారిలో మా శాఖకున్న ఒక బంగళా, దాని ముందున్న పచ్చిక. పచ్చిక అనడం నా మర్యాద. నేను ఛార్జి తీసుకునే నాటికి అది ఎండిపోయిన చీపురులా ఉండేది.

ఎనభైల్లో సంగతి ఇది. పై ఆఫీసర్లు తనిఖీకి వచ్చినప్పుడు దిగడానికి కట్టిన బంగళా. చుట్టూ నాపరాళ్ళ ప్రహరీ. ముందు ఎవరో పాత ఆఫీసరు ముచ్చటపడి బెంగుళూరు నుంచి గడ్డి తెప్పించి లాన్ వేయించాడు. ఆ గడ్డికి మా ఊరు నచ్చలేదు. అందులో దాని తప్పేమీ లేదు. పైన జానెడు మట్టి, కింద అంతా రాయి. వేసవిలో ఆ నేల మీద అట్టు పోయొచ్చు. కాలువ పక్కనే ఉంది కదా అంటారేమో, వేసవిలో కాలువలో నీళ్ళుండవు, మేకలుంటాయి.

గడ్డి పసుపురంగుకు తిరగ్గానే మాలో ఒక్కొక్కరికీ వైద్యం గుర్తొచ్చింది. నేను కాస్త యూరియా చల్లించాను. నేను చల్లించిన సంగతి తెలియక వంటమనిషి చల్లాడు. ఇద్దరి సంగతీ తెలియక మాలీ చల్లాడు. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు తెచ్చి పక్కచేను రైతు పుణ్యానికి కొట్టిపోయాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అదన్నమాట. గడ్డి సంగతి సరే, పురుగుల కోసం రోజూ వచ్చే గోరింకలు కూడా ఆ నేల మీద వాలడం మానేశాయి. అవి వాలకపోవడం నాకు గడ్డి చావడం కంటే ఎక్కువ బాధనిపించింది.

మాలీ పుట్టు మాలీ కాదు. అంతకుముందు కాలువ మీద లస్కరు, అంటే తూము తలుపులు ఎత్తడం దించడం అతని పని. ఒకసారి తూము మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. గట్టు మీద నడవలేడని బంగళాలో మాలీగా వేశారు. మొక్కల గురించి అతనికి తెలిసిందల్లా వాటికి నీళ్ళు కావాలని. ఆ ఒక్కటీ నిష్ఠగా చేసేవాడు. క్రోటన్లకూ, వాటి పక్కనున్న సిమెంటు బెంచీకీ ఒకే శ్రద్ధతో నీళ్ళు పోసేవాడు. బెంచీకి ఎందుకయ్యా అంటే, "చూడ్డానికి ఎండిపోయినట్టుంది సార్" అనేవాడు. మనిషి మాత్రం వెన్న.

అతని భార్య వెన్న కాదు. కలుపు తీసే ఆడవాళ్ళ ముఠాకు ఆమె మేస్త్రి. ఆమె ముఠా దిగిన చేలో గడ్డిపరక మిగలదని పేరు. నకరికల్లు రైతులు కూడా ట్రాక్టరు పంపించి తీసుకుపోయేవాళ్ళు. నన్ను అన్నా అని పిలిచేది, ఆ వరసను అడ్డం పెట్టుకుని బాగా తిట్టేది కూడా.

ఇట్లా ఉండగా ఒక ఎండాకాలం పొద్దున మా ఇంజినీరుగారు నరసరావుపేట నుంచి జీపులో దిగారు. లాన్ వైపు చూసి కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకుని మళ్ళీ చూశారు. తుడవకముందు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"కార్తీకంలో పెద్దసారు తనిఖీకి వస్తున్నారయ్యా" అన్నారు.

పెద్దసారు అంటే మా అందరి మీదా ఆఫీసరు. ఆయనకు ఏ బంగళాలో దిగినా తెల్లవారగానే చెప్పులు విడిచి లాన్ మీద నడవడం అలవాటు. అరికాళ్ళకు హాయిగా ఉంటే ఆ రోజు ఫైళ్ళన్నీ సాఫీగా సాగేవి. గుచ్చుకుంటే ఆ జిల్లాలో ఎవరికో ఒకరికి బదిలీ తప్పేది కాదు. ఆయన అరికాళ్ళంటే మాకు హడల్.

"ఇంకో సంగతి. పని లేని పోస్టులు తీసేయమని పైనుంచి చెబుతున్నారు. లాన్ లేని బంగళాలో మాలీ ఎందుకని ఆయన అడిగితే నేనేం చెప్పను?" అన్నారు ఇంజినీరుగారు.

బెంచీకి నీళ్ళు పోస్తున్న మాలీ చేతిలోంచి బకెట్టు జారిపడింది. ఆ కాలుతో అతనికి ఇంకెక్కడ పని దొరుకుతుంది? గట్టు మీద నడవలేడని తీసుకొచ్చి ఇక్కడ పెట్టాం. ఇక్కడి నుంచి కూడా తీసేస్తే ఇంక పోవడానికి చోటు లేదు.

ఆ సాయంత్రమే అతని భార్య వచ్చింది. "అన్నా, ఈ మనిషిని ఏ రైతూ చేలో దిగనియ్యడు. దిగితే పైరు మీద పడతాడు. ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చోబెట్టి ఈ మొహం చూస్తా కూర్చోవాలా నేను? నాకు తీరికెక్కడిది?" అంది. అంటూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మాలీ పక్కనే నిలబడి, తన మొహం అంత బాగాలేదా అన్నట్టు చేత్తో తడుముకున్నాడు.

ఇప్పుడు మీరు సహజ పద్ధతి అంటున్నారే, మాకది సిద్ధాంతం కాదు, గత్యంతరం లేకపోవడం. బెంగుళూరు గడ్డి మళ్ళీ తెప్పించే దిక్కు లేదు, యూరియా మొహం చూస్తే భయం. మేం ముగ్గురం, అంటే నేనూ, మాలీ, వంటమనిషీ, వేపచెట్టు కింద కూర్చుని ముందు నేల బాగుచేద్దాం అనుకున్నాం. నేల బాగుచేయడానికి మా వైపు రైతులు ఏం చేస్తారో అదే చేద్దామని నేనన్నాను. గొర్రెల మంద కట్టించడం.

కోతలయ్యాక రైతులు ఖాళీ చేలో మందను పడుకోబెట్టించుకుంటారు. పెంటిక, ఉచ్చ నేలకు పడి మరుసటేడు పైరు నల్లగా లేస్తుంది. కృష్ణ అవతల నుంచి మంద తోలుకొచ్చిన గొర్రెలకాపరిని ఒకణ్ణి పట్టుకున్నాను. అతను బంగళా గేటు దగ్గర నిలబడి లోపలికి చూసి, "ఏం పంట ఏస్తరు సారూ ఇండ్ల?" అన్నాడు.

"గడ్డి" అన్నాను.

"గడ్డి పెంచనీకె గొర్లను పండవెడ్తరా? గొర్లకు మాత్రం చెప్పకుండ్రి, నవ్వుతయ్" అన్నాడు. అయినా మంద కట్టాడు.

రెండు రాత్రులు బాగానే గడిచాయి. మూడో పొద్దున వంటమనిషి పెద్ద గది ఊడవడానికి తలుపు తీశాడు. ఆ గదిలో గోడకు ఆఫీసర్లు టై సరిచూసుకునే నిలువుటద్దం ఉంది. మందలో అందరికంటే పొగరుబోతు పొట్టేలు వరండా ఎక్కి లోపలికి తొంగిచూసింది. ఎదురుగా ఇంకో పొట్టేలు కనిపించింది. ఇది ఒకడుగు వెనక్కి వేస్తే అదీ వేసింది. ఇది తల వంచితే అదీ వంచింది. ఇంత అవమానం ఏ పొట్టేలూ భరించదు. అద్దం భళ్ళున పగిలిన క్షణానే గేటు ముందు ఇంజినీరుగారి జీపు ఆగింది.

ఆయన లోపలికి రాబోతే గొర్రెలన్నీ బయటికి రాబోయాయి. ఆయన మధ్యలో ఇరుక్కుపోయారు. ఒక గొర్రెపిల్ల ఆయన పాంటు అంచును నోట్లో పెట్టుకుని చీకుతోంది.

"ఏంటయ్యా ఇది?" అన్నారు.

మాలీ చేతులు కట్టుకుని, "ఎరువు సార్" అన్నాడు.

ఆయన పాంటు విడిపించుకుని జీపెక్కారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. జీపు కదలబోతూ ఆగింది. ఆయన తల బయటపెట్టి నన్ను దగ్గరికి పిలిచి, "ముప్పాళ్ళ దగ్గర మా మామగారి చేను ఉంది. ఈ మంద అటు పోతుందేమో కనుక్కో" అని చెవిలో చెప్పారు.

తర్వాత నీళ్ళ సంగతి. స్నానాల గదిలోంచి వచ్చే నీళ్ళు వెనకనున్న గుంటలో పోయి దోమలను పెంచుతున్నాయి. నాపరాళ్ళతో చిన్న కాలువ కట్టి ఆ నీళ్ళను ముందుకు మళ్ళించాం. ఇన్నేళ్ళ నా కాలువల అనుభవంలో చివరి ఎకరం దాకా నీళ్ళు అందిన కాలువ అదొక్కటే. సబ్బు నీళ్ళు నేలకు మంచివి కావని వంటమనిషి అనడంతో, సబ్బు తీసేసి సున్నిపిండి పెట్టాం. ఇక బంగళాలో దిగినవాళ్ళ పాట్లు చూడాలి. మాలీ స్నానాల గది కిటికీ కింద నిలబడేవాడు.

"ఇంకో నాలుగు చెంబులు పోసుకోండి సార్. తూర్పు మూల ఇంకా తడవలేదు."

ఆడిట్ కోసం వచ్చిన గుమాస్తా ఒకాయనకు పొద్దునా సాయంత్రమూ స్నానం చేయించాడు. మూడోసారి కూడా నీళ్ళు కాచానని చెప్పేసరికి ఆయన ఆడిట్ అయిపోయిందని బస్సెక్కి వెళ్ళిపోయాడు. అంత తొందరగా ముగిసిన ఆడిట్ నేను మళ్ళీ చూడలేదు.

తొలకరి పడింది. నేల మెత్తబడి వాసన వేసింది. ఇక గడ్డి కావాలి. మా ఎండకు, మా రాతికి తట్టుకుని బతికే గడ్డి ఏది? పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, దిక్కులేనప్పుడు పెరడే వైద్యుడు. ఆ గడ్డి ప్రతి చేను గట్టు మీదా ఉంది. గరిక.

గరిక అంటే మా పల్నాటి రైతుకు ఎంత కసో మీకు చెప్పినా అర్థం కాదు. ఒక కణుపు మిగిలితే చాలు, మళ్ళీ చేనంతా అల్లుకుంటుంది. తాతల నాటి నుంచి దాన్ని పీకుతున్నారు, అది పెరుగుతూనే ఉంది. అట్లాంటి మనిషి దగ్గరికి, అంటే మా పక్కచేను రైతు దగ్గరికి వెళ్ళి, కాస్త గరిక కావాలన్నాను.

"వినాయకుడికా?" అన్నాడు.

"కాదు. నాటడానికి."

అతను నాగలి మేడి వదిలి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "ఏందీ, గరిక నాటతావా? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది. మీ ఇంట్లోవాళ్ళకు తెలుసా ఈ సంగతి?" అన్నాడు. మరునాడు మాత్రం బండెడు గరిక గేటు ముందు దింపించాడు. ఆ మరునాడు అడక్కుండానే ఇంకో బండి వచ్చింది. ఊళ్ళో వాళ్ళంతా తమ దరిద్రమంతా మా గేటు ముందు పోయడం మొదలుపెట్టారు. చివరికి దండం పెట్టి ఆపాల్సి వచ్చింది. పక్కచేను రైతు పోతూ పోతూ, "గోడ దాటి నా చేలోకి వచ్చిందంటే మాత్రం మర్యాద దక్కదు" అని హెచ్చరించాడు.

మాలీ ఒక్కో కణుపూ విరిచి నాటుతుంటే అతని భార్య గేటు దగ్గర నిలబడి చూసింది. చూడలేక మొహం తిప్పుకుంది. "పొద్దున్నుంచీ నేను పీకేది, సాయంత్రానికి మా ఆయన నాటతన్నాడు. ఇంక మా కాపురం బాగుపడ్డట్టే" అంది.

లేత కణుపులకు ఎండ తగలకుండా, నేలకు బలంగా ఉంటుందని వాటి మధ్య పిల్లిపెసర చల్లాం. నేలబారుగా పాకే పైరు. పశువులకు మంచి మేత. పెద్దసారు వచ్చే ముందు దాన్ని కోసేస్తే కింద గరిక తివాచీలా బయటపడాలని మా ఏర్పాటు. ఏర్పాటు చక్కగా సాగింది. గరిక వేరు పట్టింది, పాకింది, అల్లుకుంది. ఒకరోజు పొద్దున నేను వరండాలో నిలబడి ఉంటే రెండు గోరింకలు వచ్చి వాలాయి. అటూ ఇటూ నడిచి, ఏదో ముక్కున కరుచుకుని ఎగిరిపోయాయి. మాలీ, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చిన రోజున కూడా అంత సంతోషం కలగలేదు.

వినాయక చవితికి ఇంకో ఉపద్రవం వచ్చింది. ఊళ్ళో ఎక్కడా లేనంత లేత గరిక బంగళాలో ఉందని తెలిసి ఆడా మగా పళ్ళేలు పట్టుకుని వచ్చారు. మాలీ కర్ర పట్టుకుని గేటుకు అడ్డంగా కూర్చున్నాడు. "దేవుడికయ్యా" అని ఒక పెద్దాయన బతిమాలితే, "దేవుడికి గరిక లేకపోయినా ఉద్యోగం పోదు, నాకు పోతుంది" అన్నాడు. తర్వాత తనే భయపడి, సాయంత్రం గుళ్ళో కొబ్బరికాయ కొట్టి వచ్చాడు.

కార్తీకం వచ్చింది. పెద్దసారు చీకటిపడే వేళకు దిగుతారనగా, ఆ పొద్దున మాలీ లాన్ మధ్యలో ఒంటికాలి మీద గెంతుతూ కనిపించాడు. అరికాల్లో పల్లేరుకాయ. గొర్రెల బొచ్చుకు పట్టుకుని వచ్చినట్టున్నాయి, పిల్లిపెసర కింద అక్కడక్కడా పల్లేరు తీగలు పాకి ఉన్నాయి. పెద్దసారు అరికాళ్ళు, పల్లేరుకాయలు! నేనా రోజు నరసరావుపేట వెళ్ళి పగిలిన అద్దానికి బదులు కొత్తది తేవాలి. అప్పుడు మాలీ భార్య దేవతలా వచ్చి, "నువ్వు పో అన్నా. మా ముఠాను ఒకపూట పత్తిచేలోంచి తప్పించి తెస్తా. పల్లేరు ఎంతసేపు?" అంది.

"పల్లేరు ఒక్కటే తీయండే. గరిక జోలికి పోమాకండి. పిల్లిపెసర నేను సాయంత్రం కోస్తా" అన్నాడు మాలీ.

"నాకు చెప్పొచ్చావా? పో, పోయి నీళ్ళ బండి తోలుకురా" అంది.

సాయంత్రం నేను అద్దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగాను. గేటు బయట గరిక కుప్ప. మామూలు కుప్ప కాదు. మట్టి విదిలించి, వేళ్ళన్నీ ఒకవైపుకు పేర్చి, పనితనం తెలిసినవాళ్ళు వేసిన కుప్ప. అద్దం గోడకు ఆనించి లోపలికి వెళ్ళాను. లాన్ నిండా పిల్లిపెసర నవనవలాడుతోంది. దాని మధ్యన నేల అద్దంలా ఉంది. గరిక పరక లేదు. మాలీ బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య, నాకు తెలిసిన తర్వాత మొదటిసారి, మాట్లాడకుండా నిలబడి ఉంది.

"ఏం జరిగింది చెల్లెమ్మా?"

"పల్లేరుకే కూర్చున్నామన్నా. ఒట్టు. మా వీధిలో ఇద్దరు వియ్యపురాళ్ళ పోట్లాట మాటల్లోకి వచ్చింది. చానా పెద్ద పోట్లాట. అది తెగేలోపల ఇది అయిపోయింది."

"చేతుల్లోకి ఏం వస్తుందో చూసుకోలేదా?"

"చేతులు చూస్తే పని ఎట్టా సాగుద్దన్నా? పుట్టి బుద్ధెరిగిన్నాటి నుంచి గరిక కనపడితే పీకే చేతులు. పైరును పీకమన్నా పీకవు, గరికను వదలమన్నా వదలవు."

"ఒక్కళ్ళకన్నా తట్టలేదా?"

ఆమె తల వంచుకుంది. "మధ్యలో ఒకతి అంది, ఇంత గరిక పెరగనిచ్చాడే, ఈ చేనుగలోడు ఎవడోగానీ శుద్ధ సోమరిపోతు అని. మేమంతా అవునన్నాం. ఆ సోమరిపోతు మా ఆయనేనని నాకప్పుడు గుర్తు రాలేదన్నా." ఆ మాటతో ఆమెకు ఏడుపు పొంగుకొచ్చింది. నాకు నవ్వు రాలేదు. మొగుడి ఉద్యోగం నిలబెట్టడానికి వచ్చి, తన చేతులతోనే వేళ్ళతో సహా పీకి కుప్ప వేసింది. ఆమెను చూస్తే గుండె తరుక్కుపోయింది.

మళ్ళీ నాటడానికి వేళ లేదు, నాటినా పొద్దుటికి పచ్చబడదు. పిల్లిపెసర కోస్తే మిగిలేది వట్టి నేల. కోయకుండా వదిలేశాం. చీకటిపడగానే పెద్దసారు దిగి, భోంచేసి, కొత్త అద్దంలో మొహం చూసుకుని పడుకున్నారు.

తెల్లవారింది. ఆయన వరండాలోకి వచ్చారు. వెనక మా ఇంజినీరుగారు, ఆ వెనక నేను. మాలీ క్రోటన్ల చాటున ఉన్నాడు. అతని భార్య గేటు దగ్గర చేటంత మొహం చేసుకుని కాదు, చిన్నబోయిన మొహంతో నిలబడింది. పెద్దసారు చెప్పులు విడిచారు. మా ఇంజినీరుగారు కళ్ళు మూసుకున్నారు.

పెద్దసారు పిల్లిపెసరలోకి అడుగుపెట్టారు. ఆకుల నిండా మంచు. ఆయన ఆగారు. ఇంకో అడుగు వేశారు. చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడిచారు. మధ్యలోకి వెళ్ళి చటుక్కున నిలబడి కిందికి చూడటం మొదలుపెట్టారు. అయిపోయింది, పల్లేరుకాయ అనుకున్నాను.

పల్లేరుకాయ కాదు. ఆడవాళ్ళ కళ్ళు కప్పి అక్కడొక గరిక దుబ్బు మిగిలిపోయింది. పెద్దసారు వంగి దాన్ని లాగారు. రాలేదు. ఆయన పంచె ఎగదోపుకుని గొంతుక్కూర్చున్నారు. పరకల్ని వేలికి చుట్టుకుని, ఇటూ అటూ కదిలించి, వేరు తెగకుండా ఊడబెరికారు. మట్టి రాలేలా మోకాలికి కొట్టారు. తలెత్తి చూడకుండానే గోడ అవతలికి విసిరేశారు. విసిరేసి, పక్కన ఇంకోటి ఉందేమోనని ఆకులు పాయలు తీసి వెతికారు. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. గేటు దగ్గర నుంచి, "అదీ పీకడమంటే" అని ఒక ఆడగొంతు వినిపించింది.

"ఎవరయ్యా ఇక్కడ మాలీ?"

మాలీ కుంటుకుంటూ వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"చేను బాగుంది" అన్నారు పెద్దసారు. లాన్ అనలేదు, చేను అన్నారు. "కలుపే సరిగ్గా తీయలేదు. ఇదిగో, గరిక. గరికతో ఆటలాడకు. ఏమరుపాటుగా ఉన్నావో, బంగళానే మింగేస్తుంది."

"చిత్తం సార్."

"ఈ పిల్లిపెసర ఎవరి గేదె తింటుంది?"

"మా గేదే సార్" అనేశాడు మాలీ. అని, నాలిక కరుచుకున్నాడు.

పెద్దసారు పెద్దగా నవ్వారు. ఆయన పెదకూరపాడు వైపు రైతుబిడ్డ అని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఆయనకు మతి చలించిందనే అనుకున్నాం. ఆ నవ్వు చూసి మా ఇంజినీరుగారికి ధైర్యం వచ్చింది. "సార్, మాలీ పోస్టు సంగతి..." అని నసిగారు.

"దానికేమయ్యా? కలుపు తీసే మనిషి లేకుండా ఎట్లా?" అంటూ ఆయన వరండా మెట్టు మీద కూర్చుని కాళ్ళు కడుక్కున్నారు. ఆ నీళ్ళు కూడా నాపరాళ్ళ కాలువలో పడి లాన్‌కే పోయాయి. మాలీ ఏడుస్తూ, నవ్వుతూ, ఏం చేయాలో తోచక బకెట్టు తీసుకుని బెంచీకి నీళ్ళు పోశాడు.

గరిక సంగతి మీకు ముందే చెప్పాను. వేళ్ళతో సహా పీకామని మేమనుకున్నాం, అది అనుకోలేదు. మరో వానకు బంగళా ముందంతా పచ్చగా అల్లుకుంది. ఏడాది పొడుగునా వచ్చిన ఆఫీసర్లందరూ ఏం లాన్ అని మెచ్చుకున్నారు. పెద్దసారు వచ్చే ముందు మాత్రం మాలీ భార్య ముఠా దిగి, ఏటా చల్లే పిల్లిపెసర మధ్యలోంచి గరికంతా శుభ్రంగా కలుపు తీసిపోయేది. ఆయన వచ్చి, మిగిలిన దుబ్బు ఏదో ఒకటి తన చేత్తో పీకి, మాలీని నాలుగు కేకలేసి, మనసు తేలికై వెళ్ళేవారు. యూరియా మళ్ళీ ఆ గేటు దాటలేదు. మాలీ ఆ బంగళాలోనే రిటైరయ్యాడు.

కాబట్టి అబ్బాయ్, నీ లాన్ చల్లగా ఉండాలి. గోరింకలు వాలాయంటే నేల బాగుపడ్డట్టు లెక్క. ఇంకేమీ సలహా ఇవ్వను, కలుపు తీసేవాళ్ళకు వియ్యపురాళ్ళ పోట్లాట గుర్తుచేయకు, అంతే.

ఒక ఏడు, పెద్దసారు రావడానికి ముందు, ముఠా వంగి కలుపు తీస్తుంటే నేను వరండాలో నిలబడి చూస్తున్నాను. అందులో కొత్తగా చేరిన పిల్ల ఒకతి గునపం తెచ్చి గరిక వేళ్ళ కోసం లోతుగా తవ్వుతోంది. మాలీ భార్య పరుగున వచ్చి ఆ గునపం లాక్కుంది.

"ఏమే, అంత లోతుకు పోమాకే! నాలుగు వేళ్ళు ఉండనీ. మా ఆయన ఉద్యోగం ఆ కిందే ఉంది."